ముక్క పరీక్ష చదివే డాక్టరు



చర్మ వ్యాధుల డాక్టరంటే కంటితో చూసి మందు రాసేస్తారని చాలామంది అనుకుంటారు. చాలావరకు అది నిజమే. తామర, గజ్జి, మొటిమలు, బొల్లి లాంటివి అనుభవం ఉన్న కంటికి నిమిషంలో తెలిసిపోతాయి. కానీ తెలియనివీ ఉంటాయి. చూడ్డానికి సోరియాసిస్‌లా ఉంటుంది, సోరియాసిస్ మందుకు లొంగదు. ఎర్రటి మచ్చ ఒకటే, దాని వెనక ఉండగలిగిన జబ్బులు పది. అలాంటప్పుడు డాక్టరు, "చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం" అంటారు. ఆ మాటతో రోగి ముఖం పాలిపోతుంది. వెంట వచ్చినవారు డాక్టరుని పక్కకు పిలిచి, "క్యాన్సరని అనుమానమా అండీ?" అని గొంతు తగ్గించి అడుగుతారు.

ఆ ముక్క ఎక్కడికి వెళ్తుంది? ఎవరు చూస్తారు? ఆ చూసే డాక్టరు ఎలా తయారవుతారు? ఈ సంగతులు మాట్లాడుకుందాం. ఈ విద్యని డెర్మటోపాథాలజీ అంటారు. చర్మాన్ని మైక్రోస్కోపు కింద చదివి జబ్బు పేరు చెప్పే విద్య ఇది. నేను చర్మ వైద్యుణ్ణి, ఉదయం ఓపీలో రోగుల్ని చూస్తాను, మధ్యాహ్నం స్లైడ్లు చదువుతాను. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎంత అవసరమో మీకు చెప్పాలన్నదే నా తాపత్రయం.

ముందు ముక్క సంగతి. దాన్ని ఎక్కడినుంచి తీయాలన్నదాంట్లోనే సగం వైద్యం ఉంది. పాతబడి, గోకి గోకి మొద్దుబారిన చోట తీస్తే ఆ గోకుడు తప్ప ఏమీ కనిపించదు. కొత్తగా వచ్చిన మచ్చ కావాలి, పొక్కయితే నిన్నో ఇవాళో లేచిన పొక్కు అంచు కావాలి. మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, నొప్పంతా ఆ సూదిదే. తర్వాత పంచ్ అనే పరికరంతో, అంటే పిడి చివర గుండ్రటి బ్లేడు ఉన్నదానితో, 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. మినపగింజంత ఉంటుంది. ఒక కుట్టు పడుతుంది. ముక్కని పట్టకారుతో గట్టిగా నొక్కకూడదు, కణాలు నలిగిపోతే చదవడానికి ఏమీ మిగలదు. వెంటనే ఫార్మలిన్ ఉన్న సీసాలో వేస్తారు. ముక్క కంటే కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి.

ల్యాబులో అది ఆల్కహాల్, జైలీన్ దాటి మైనంలోకి వెళ్తుంది. మైనం గడ్డలో ముక్కని నిలబెట్టే పని టెక్నీషియన్‌ది. పై పొర, లోపలి పొర, కొవ్వు ఒకదాని కింద ఒకటి వరసగా కనిపించేలా నిలువుగా పెట్టాలి. పడుకోబెట్టేస్తే పై పొర ఒక్కటే కనిపిస్తుంది, రిపోర్టు రాయలేం. తర్వాత మైక్రోటోమ్ మీద నాలుగైదు మైక్రాన్ల మందంతో పలచగా కోస్తారు. మన తలవెంట్రుక మందంలో అది పదో వంతు కూడా ఉండదు. ఆ పొరని గోరువెచ్చని నీళ్ళమీద తేలించి, గాజు స్లైడు మీదికి ఎత్తి, రెండు రంగులు వేస్తారు. హెమటాక్సిలిన్‌తో కణకేంద్రాలు నీలంగా, ఇయోసిన్‌తో మిగతాది గులాబీగా కనిపిస్తుంది. హెమటాక్సిలిన్ మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వస్తుంది. నూరేళ్ళకు పైగా ప్రపంచంలోని ప్రతి పాథాలజీ ల్యాబూ ఆ చెట్టు రంగు మీద ఆధారపడి నడుస్తోంది. మంచి టెక్నీషియన్ లేనిదే మంచి డెర్మటోపాథాలజిస్టు లేడు. రిపోర్టు మీద వాళ్ళ పేరు ఉండదు, ఉండాలని నా అభిప్రాయం.

ఇక ఆ స్లైడు చదివే డాక్టరు. మన దేశంలో నాలుగున్నరేళ్ళ ఎంబీబీఎస్, ఏడాది హౌస్ సర్జన్సీ, నీట్ పీజీ రాసి మూడేళ్ళ ఎండీ. ఆ ఎండీని డీవీఎల్ అంటారు: డెర్మటాలజీ, వెనెరియాలజీ, లెప్రసీ. అంటే చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్టు మూడూ కలిసిన చదువు. పీజీ సీట్ల కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకులు వచ్చినవారు ముందుగా కోరుకునే శాఖల్లో ఇదొకటి. ఎండీ పాథాలజీ చేసి, తర్వాత చర్మం వైపు వచ్చేవారూ ఉన్నారు. ఆ పైన కొన్ని సంస్థలు ఇచ్చే ఫెలోషిప్పులు ఉన్నాయి. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగే అంతర్జాతీయ బోర్డు పరీక్ష రాసేవారూ ఉన్నారు.

అమెరికాలో ఈ దారి ఇంకా స్పష్టంగా ఉంది. మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడ వైద్యం చదువుతున్నారు కాబట్టి చెప్తున్నాను. డెర్మటాలజీ రెసిడెన్సీ చేసినా, పాథాలజీ రెసిడెన్సీ చేసినా, ఆపైన ఏడాది ఫెలోషిప్ చేయాలి. 1974 నుంచి అక్కడ డెర్మటాలజీ బోర్డూ, పాథాలజీ బోర్డూ కలిసి ఒకే సర్టిఫికెట్ ఇస్తున్నాయి. చర్మ వైద్యం వైపు నుంచి వచ్చినవారు కొంతకాలం పాథాలజీ విభాగంలో పనిచేస్తారు, పాథాలజీ నుంచి వచ్చినవారు చర్మరోగుల ఓపీలో కూర్చుంటారు. నాకు ఆ పద్ధతి బాగా నచ్చుతుంది. ఎందుకో ముందు ముందు చెప్తాను.

పుస్తకాలతో ఈ విద్య రాదు. గురువు పక్కన కూర్చోవాలి. రెండు తలల మైక్రోస్కోపు అని ఉంటుంది. ఒకవైపు గురువు, మరోవైపు శిష్యుడు, ఇద్దరికీ ఒకే స్లైడు కనిపిస్తుంది. మా సారు స్లైడు పెట్టగానే పెద్ద లెన్సు తిప్పనిచ్చేవారు కాదు. "ముందు దూరం నుంచి చూడవయ్యా. ఎక్కడ గుమిగూడాయి కణాలు? పైనా, కిందా, రక్తనాళాల చుట్టూనా, వెంట్రుక కుదురు చుట్టూనా? అది చెప్పు, జబ్బు పేరు తర్వాత" అనేవారు. పీజీలు కంగారులో నలభై రెట్ల లెన్సు తిప్పేసి ఒక్కో కణాన్నీ పట్టుకుని వేలాడతారు. అలా చూస్తే ఏదీ తేలదు.

ఆ పద్ధతి వెనక ఒక పెద్దమనిషి ఉన్నారు. ఏ. బెర్నార్డ్ ఆకర్‌మన్, 1936లో అమెరికాలో పుట్టారు. చర్మ వైద్యం చదివి స్లైడ్ల వైపు వచ్చారు. 1978లో వచ్చిన ఆయన పుస్తకం వాపు జబ్బులన్నిటినీ తొమ్మిది నమూనాలుగా విడదీసింది. తక్కువ పవర్‌లో నమూనా గుర్తించు, దాన్నిబట్టి ఒక్కో మెట్టూ దిగుతూ జబ్బు దగ్గరకు రా అన్నది ఆయన బోధ. అంతకుముందు స్లైడు చదవడమంటే గురువుగారి జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన పని. ఆకర్‌మన్ దాన్ని ఎవరైనా నేర్చుకోగల పద్ధతిగా మార్చారు. ఎన్నో దేశాల నుంచి డాక్టర్లు న్యూయార్క్ వెళ్ళి ఆయన దగ్గర కూర్చున్నారు. 2008లో చనిపోయేవరకూ ఆయన పాఠం చెబుతూనే ఉన్నారు.

ఆయనకంటే చాలా ముందు జర్మనీలోని హాంబర్గ్‌లో పాల్ గెర్సన్ ఉన్నా అనే చర్మ వైద్యుడు ఉండేవారు. చర్మ వ్యాధుల కణ నిర్మాణం మీద ఆయన పెద్ద గ్రంథం 1894లో వచ్చింది. మీ ఇంట్లో నివియా క్రీము ఉంటే, 1911లో వచ్చిన ఆ క్రీము తయారీ వెనక కూడా ఈ ఉన్నా గారి చొరవ ఉంది. మైక్రోస్కోపు ముందు కూర్చునే డాక్టరే రోగికి ఏం పూయాలో కూడా ఆలోచించిన కాలం అది.

మూడో పేరు వాల్టర్ లీవర్. జర్మనీ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడ్డారు. 1949లో ఆయన రాసిన చర్మ హిస్టోపాథాలజీ పుస్తకం, తర్వాతివారు దిద్దుతూ పెంచుతూ వచ్చినది, ఇప్పటికీ మా బల్లల మీద ఉంది. అయితే లీవర్ చేసిన అసలు మేలు 1953లో. ఒంటినిండా పొక్కులు లేచే జబ్బులు చాలావాటిని అప్పటిదాకా పెంఫిగస్ అనేవారు. లీవర్ స్లైడ్లు పక్కపక్కన పెట్టి చూసి, ఇవి రెండు వేరు వేరు జబ్బులన్నారు. ఒకదాంట్లో పై పొర లోపలే కణాలు ఒకదాన్నొకటి వదిలేసి చీలిక వస్తుంది. రెండోదాంట్లో పై పొర మొత్తం అడుగునుంచి లేచిపోతుంది. మొదటిది పెంఫిగస్. రెండోదానికి పెంఫిగాయిడ్ అని పేరు పెట్టారు. చీలిక ఎక్కడ ఉందన్న ఒక్క సంగతి మీద రోగి భవిష్యత్తు, మందు మోతాదు ఆధారపడ్డాయి. 1964లో బ్యూట్నర్, జోర్డాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు యాంటీబాడీలను వెలుగుతో చూపించే ఇమ్యునోఫ్లోరొసెన్స్ పరీక్షతో, పెంఫిగస్‌లో మన రక్తంలోని యాంటీబాడీలే చర్మకణాల మధ్య చేరుతున్నాయని చూపించారు. పెంఫిగస్‌లో అవి ఆకుపచ్చ వెలుగుతో వల అల్లినట్టు కనిపిస్తాయి. పెంఫిగాయిడ్‌లో పై పొర అడుగున ఒక్క గీతగా కనిపిస్తాయి. ఈ పరీక్షకు ముక్కని ఫార్మలిన్‌లో వేయకూడదు. వేస్తే యాంటీబాడీలు కనిపించవు. ప్రత్యేకమైన ద్రవంలో పంపాలి, పైగా పొక్కుని కాకుండా పొక్కు పక్కన మామూలుగా కనిపించే చర్మాన్ని తీయాలి. ఈ తేడా తెలియక వృథా అయిపోయిన ముక్కల్ని చాలా చూశాను.

ఒకరోజు నా ఓపీకి ఒకావిడ వచ్చారు. నోట్లో పుళ్ళు నెలల తరబడి తగ్గలేదు. బి కాంప్లెక్స్ మాత్రలు మింగారు, పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళారు, పథ్యం చేశారు. తర్వాత వీపు మీద మెత్తటి పొక్కులు లేచి, లేచిన రోజే చిట్లిపోవడం మొదలైంది. "ముందు నోట్లోనా అమ్మా, ఒంటిమీదా?" అని అడిగాను. "నోట్లోనే డాక్టరుగారూ. పచ్చడి తగిలితే ప్రాణం పోయేది" అన్నారు. ఆ ఒక్క మాట స్లైడు పెట్టకముందే సగం దారి చూపించింది. స్లైడులో పై పొర అడుగు వరస కణాలు మాత్రం నేలను పట్టుకుని నిలబడి ఉన్నాయి, వాటిపైన చీలిక, చీలికలో గుండ్రంగా తేలుతున్న కణాలు. పెంఫిగస్. స్టీరాయిడ్లు రాకముందు ఈ జబ్బు చాలామందిని చంపేసేది. ఇప్పుడు మందులున్నాయి. ఆలస్యం ఒక్కటే శత్రువు.

మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ఈ విద్యలో కుష్టుది పెద్ద స్థానం. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రి పేరు వినని తెలుగువారు పాత తరంలో తక్కువ. నార్వేలో హాన్సెన్ 1873లో ఆ క్రిమిని కనుక్కున్నాడు. అయితే ఒకే క్రిమి ఒకరికి ఒక్క మచ్చతో ఆగిపోయి, మరొకరికి ఒళ్ళంతా ఎందుకు పాకుతుందో చాలాకాలం స్పష్టత లేదు. ఇంగ్లాండులో డెన్నిస్ రిడ్లే అనే పాథాలజిస్టూ, విలియం జోప్లింగ్ అనే వైద్యుడూ కలిసి 1966లో కుష్టుని ఐదు రకాలుగా విభజించారు. శరీరం క్రిమిని ఎంత గట్టిగా ఎదిరిస్తోందన్నది ఆ విభజనకు ఆధారం. ఒకరు రోగిని చూసినవారు, ఒకరు స్లైడు చూసినవారు. ఇద్దరూ కలిస్తేనే ఆ పని జరిగింది. అమెరికా పద్ధతి నాకెందుకు నచ్చుతుందో ఇందాక చెప్తానన్నాను, ఆ కారణం ఇదే.

కుష్టు స్లైడు ఎలా ఉంటుందో చెప్తాను. ఎదిరించే శక్తి బాగా ఉన్నవారిలో రక్షణ కణాలు గుంపులు కట్టి, నరం ఎటు పోతే అటు పొడుగ్గా సాగి ఉంటాయి. ఒక్కోసారి ఆ గుంపు మధ్యలో నరం నలిగిపోయి కనిపిస్తుంది. ఓపీలో మనం దూదితో తాకితే రోగికి ఎందుకు తెలియలేదో స్లైడులో కళ్ళారా చూస్తాం. శక్తి లేనివారిలో పై పొర కింద సన్నటి ఖాళీ పట్టీ, దాని కింద నురగలా ఉబ్బిన కణాలు, ఆ కణాల నిండా క్రిములు. వాటిని చూడాలంటే ఫైట్ అనే ప్రత్యేక రంగు వేయాలి. క్షయ క్రిమికి వేసే మామూలు రంగు విధానం కుష్టు క్రిమికి కాస్త కఠినం, రంగు నిలవదు. అందుకని మైనం కరిగించేటప్పుడు జైలీన్‌లో వేరుశనగ నూనె కలుపుతారు. ఆ నూనె క్రిమి పై పూతని కాపాడుతుంది, ఎర్రటి పుల్లలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ క్రిమిని పట్టిచ్చేది మన వంటింటి నూనే.

ఇప్పుడు ఇంకో సంగతి, ఇది మీలో చాలామందికి తగిలే సంగతి. తామర వస్తే మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకుంటారు. అందులో ఘాటైన స్టీరాయిడ్ ఉంటుంది. దురద వెంటనే తగ్గుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. తామర అంచున ఉండే ఎర్రటి వలయం చెరిగిపోతుంది. నెలల తర్వాత వచ్చేసరికి అది తామర అని ఎవరూ గుర్తుపట్టలేని రూపంలో ఉంటుంది. ముక్క తీస్తే, మామూలు రంగులో ఆ స్లైడు దాదాపు ఆరోగ్యమైన చర్మంలాగే కనిపిస్తుంది. చర్మం గురించి తెలియని కన్ను "ప్రత్యేకమైన మార్పులేవీ లేవు" అని రాసి సంతకం పెడుతుంది. రోగుల్ని రోజూ చూసే డాక్టరైతే, ఒంటిమీద అంత కనిపిస్తుంటే స్లైడు ఇంత ఖాళీగా ఎందుకుందని ఆగి, పీఏఎస్ అనే రంగు వేయిస్తారు. అప్పుడు పైనున్న మృతకణాల పొరలో గులాబీ రంగు ఫంగస్ పోగులు బయటపడతాయి. స్లైడు ఖాళీగా కనిపించే జబ్బులు ఇలాంటివి చాలా ఉన్నాయి. బొల్లి కూడా వాటిలో ఒకటి.

అందుకే నా మాట ఇది: రోగి కథ తెలియకుండా చర్మం స్లైడు చదవడం సగం పని. కడుపులోంచో కాలేయంలోంచో తీసిన ముక్కైతే పాథాలజిస్టుకి స్లైడే ఆధారం. చర్మం అలా కాదు, జబ్బు బయటే కనిపిస్తోంది. దాన్ని చూడకుండా స్లైడు మాత్రమే చూడటం చేతికందిన సాక్ష్యాన్ని వదిలేయడం. ముక్కతో పాటు ఒక ఫారం వస్తుంది. వయసు, ఎన్నాళ్ళనుంచి, ఎక్కడ మొదలైంది, ఏ మందులు వాడారు, డాక్టరుకి ఏ అనుమానాలున్నాయి అన్నీ అందులో రాయాలి. "స్కిన్ లీజన్" అన్న రెండు మాటలతో వచ్చే ఫారాలు నన్ను చాలా బాధపెడతాయి. ఆ రోగి ఎక్కడో దూరంనుంచి వచ్చి, కుట్టు వేయించుకుని, డబ్బు కట్టి వెళ్ళి ఉంటాడు. ఫోను చేసి వివరాలు కనుక్కున్నాక రిపోర్టు మారిన సందర్భాలు కొల్లలు.

పాథాలజీనుంచి వచ్చినవారు తక్కువని నేను అనడం లేదు. గడ్డలు, లింఫోమాలనే రక్షణ కణాల క్యాన్సర్లు చదవడంలో వారి చేయి మాకంటే బలమైనది. వాపు జబ్బుల్లో చర్మ వైద్యుడిది పైచేయి. ఇద్దరూ వారానికోసారైనా ఒకే మైక్రోస్కోపు ముందు కూర్చునే ఆసుపత్రిలో రోగి అదృష్టవంతుడు.

క్యాన్సరు విషయం కూడా ఒక మాట. మెలనోమా అనే నల్లమచ్చ క్యాన్సరు మన దేశంలో తెల్లవారి దేశాల్లో కంటే చాలా అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా అరికాల్లో, గోరు కింద వస్తుంది. ముల్లు గుచ్చుకుందనో, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనో ఊరుకుంటారు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో ఆ గడ్డ ఎంత లోతుకు దిగిందో మైక్రోస్కోపులో మిల్లీమీటర్లలో కొలవాలన్నారు. ఇప్పటికీ అదే కొలత. ఒక మిల్లీమీటరులోపైతే చుట్టూ సెంటీమీటరు చర్మం తీస్తారు. రెండు దాటితే రెండు సెంటీమీటర్లు. సర్జను కత్తి ఎంతదూరం వెళ్ళాలో స్లైడు చదివినవారు చెప్తారు.

వృత్తి సంగతి యువ డాక్టర్లు అడుగుతుంటారు. నిజం చెప్తాను. లేజర్లు, జుట్టు మార్పిడి, ముఖానికి ఇంజెక్షన్లు చేసే క్లినిక్కుల్లో వచ్చే రాబడి మైక్రోస్కోపు దగ్గర రాదు. రోగికి మీ పేరు తెలియదు. పండక్కి స్వీట్లు పట్టుకొచ్చేది ముక్క తీసిన డాక్టరుకే. కానీ ఊళ్ళో ఉన్న చర్మ వైద్యులందరూ తేలని కేసుల్ని మీ బల్ల మీదికి పంపుతారు. ప్రతి స్లైడ్ల పెట్టెలోనూ ఒక చిక్కుముడి ఉంటుంది. అర్ధరాత్రి పిలుపులు తక్కువ, ఇంటి బాధ్యతలున్నవారికి అది చిన్న విషయం కాదు. స్లైడుని స్కాన్ చేసి కంప్యూటర్లో పంపే వసతి వచ్చాక జిల్లా ఊళ్ళో తీసిన ముక్కని హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఉన్నవారు స్లైడు తయారైన రోజే చూడగలుగుతున్నారు. ఓపిక ఉన్నవారికి, "నాకు తెలియదు, ఇంకో ముక్క కావాలి" అని రాయడానికి సంకోచించనివారికి ఈ పని సరిపోతుంది. మైకోసిస్ ఫంగాయిడిస్ అనే చర్మ లింఫోమా మొదట్లో ఎగ్జిమాలాగే కనిపిస్తుంది. అది తేలడానికి ఏళ్ళ తరబడి, నాలుగైదు ముక్కలు కావలసివస్తాయి. తొందరపడి పేరు పెట్టేవారు ఈ కుర్చీలోకి రాకపోవడం మంచిది.

చివరిగా శ్రోతలకు నా మనవి. డాక్టరు ముక్క పరీక్ష రాస్తే భయపడకండి. ఎక్కువసార్లు అది క్యాన్సరు కోసం కాదు, సరైన మందు కోసం. ఇప్పటిదాకా ఏ ట్యూబు పూశారో, ఏ మాత్ర మింగారో, నాటుమందైనా సరే, దాచకుండా చెప్పండి, పాత ట్యూబులు సంచిలో వేసుకుని రండి. మచ్చ మొదట్లో ఎలా ఉందో ఫోనులో ఫోటో ఉంటే చూపించండి, అది మాకు చాలా పనికొస్తుంది. రిపోర్టుతో పాటు మైనం బ్లాకు నంబరు రాసి ఉంచుకోండి. ఆ మైనం గడ్డ ల్యాబులో భద్రంగా ఉంటుంది, అనుమానం వస్తే ముక్క మళ్ళీ తీయకుండా దాన్నే ఇంకోసారి కోసి చూడొచ్చు. రిపోర్టు చేతికొచ్చాక ఇంటర్నెట్‌లో వెతకడం కంటే, దాన్ని పట్టుకుని ముక్క తీసిన డాక్టరు దగ్గరికే వెళ్ళండి. మీ చర్మాన్ని చూసినవారే ఆ కాగితాన్ని మీకు సరిగ్గా చదివి చెప్పగలరు.